తిండి మీద, ఒంటి మీద ఇంట్లో విన్న మాటలను విడిచిపెట్టడం ఎలా

పెద్దల నుంచి వచ్చిన నమ్మకాలను ఒక్కరోజులో తోసిపుచ్చాలని చూస్తే ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు. ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని, చిన్నప్పటి నుంచి విన్న మాటలను విన్నట్టే రాసుకోండి. "సంగటి తింటే నల్లబడతావు", "ఆడపిల్లకు అంత ఆకలేమిటి", "బొజ్జ ఉంటేనే కలిగినింటి మనిషి", "బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదు" వంటివి ఎన్నో గుర్తుకొస్తాయి. ప్రతి మాట పక్కన అది ఎవరిని ఉద్దేశించి అన్నదో కూడా రాయాలి. అన్నకు ఎన్నడూ చెప్పని నియమం చెల్లెలికి మాత్రమే చెప్పారంటే, అది ఆరోగ్యం కోసం పెట్టినది కాదని అక్కడే తేలిపోతుంది.

తరువాత ఆ మాట ఎందుకు పుట్టిందో వెతకాలి. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఈ వెతుకులాట చాలాసార్లు కరువు దగ్గరికే చేరుతుంది. 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను ఊడ్చిపెట్టింది. ఆ తరువాత కూడా వానలు నమ్మదగినవిగా లేవు. అటువంటి చోట విస్తరిలో మెతుకు వదలకూడదనడం, ఒళ్లు కండపట్టి ఉంటేనే మెచ్చుకోవడం వింతేమీ కాదు. వరి అన్నం చాలా ఇళ్లలో పండగ కూడు; రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం రోజువారీ తిండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక తెల్లన్నం ప్రతి ఇంటికీ చేరింది. అది మంచి పనే, కానీ సంగటి మీద పేదరికపు ముద్ర మరింత బలపడింది. నిజానికి వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అది నామమాత్రం. అదే ముద్దను నాటుకోడి పులుసుతో కలిపి నగరాల హోటళ్లు ఎంతకు అమ్ముతున్నాయో చూస్తే మన జేజులు (అవ్వలు) నవ్వుకుంటారు.

కారణం తెలిశాక ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో నిర్ణయించడం తేలిక. సంగటినీ, పండగ ఓళిగలనూ (బొబ్బట్లనూ) నిశ్చింతగా ఉంచుకోవచ్చు. బాలింతకు నీళ్లు, కూరలు తగ్గించే పథ్యాన్ని మాత్రం మొహమాటం లేకుండా వదలాలి. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 600 కిలో కేలరీలు అదనంగా కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కుంకుమపువ్వు బిడ్డ రంగును మార్చదు, ఎందుకంటే రంగును నిర్ణయించేది తల్లిదండ్రుల జన్యువులు. ఇంట్లో ఆడవాళ్లు అందరి తరువాత మిగిలింది తినే అలవాటును వాదనతో కాక, అందరూ ఒకేసారి కూర్చోవడంతో మాన్పించాలి.

పెద్దవారితో మాట్లాడేటప్పుడు "అది మూఢనమ్మకం" అనే మాట నోటికి రానివ్వకండి. "జేజీ, మీ కాలంలో కరువొస్తే ఏం తినేవాళ్లు?" అని అడిగితే ఆమే చెబుతుంది, ఆ చెప్పడంలో నియమం తనంతట తాను సడలుతుంది. వద్దన్నా వడ్డిస్తుంటే, "కడుపు నిండింది జేజీ, రాత్రికి ఎత్తిపెట్టు" అంటే ప్రేమను కాదన్నట్టు ఉండదు. పెళ్లిళ్లలో "ఏమే, ఇంత లావైనావే" అనే చుట్టానికి సంజాయిషీ ఇవ్వనక్కర లేదు. వాళ్ల పిల్లల చదువు గురించి అడిగితే చాలు. చుట్టాల వ్యాఖ్యలు పిల్లల చెవిన పడినప్పుడు మాత్రం ఊరుకోకూడదు, అక్కడే ఆపాలి.

ఒంటిని చూసుకోవడానికి అద్దం కంటే టేపు నయం. మన దేశస్థులకు నడుము చుట్టుకొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహపు ముప్పు పెరుగుతుంది, కాబట్టి కలిమికి గుర్తన్న ఆ బొజ్జను కొలవాల్సిందే. ఆడవారు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గిందేమో పరీక్ష చేయించుకోవాలి. కొలత కొన్ని నెలలకొకసారి సరిపోతుంది; రోజూ తూకం ఎక్కడం కొత్త బెంగను తెచ్చిపెడుతుంది.

ఇంట్లో ఎవరైనా భోజనం తరచూ మానేస్తున్నా, తిన్నది కావాలని కక్కేస్తున్నా, అది నమ్మకాల సంగతి దాటిపోయిందని గ్రహించి, ఉచితంగా పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.