విశాఖ ఉక్కపోతలో వడదెబ్బ: వార్డులో ముందు ఎవరి తలుపు తట్టాలి

నేను కంచరపాలెం వైపు వార్డు ఆరోగ్య కార్యదర్శిని. కొత్తగా చేరిన ఆశా అక్కచెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మన ఊళ్లో 36 డిగ్రీలే కదా అని నిశ్చింతగా ఉండొద్దు. సముద్రపు తేమకు చెమట ఆరదు, ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 డిగ్రీల నుంచి వడగాలులు లెక్కిస్తే, తీరంలో 37 నుంచే చూస్తుంది.

మార్చిలోనే జాబితా రాసుకోండి: రేకుల ఇళ్లలో ఒంటరి ముసలివాళ్లు, గర్భిణులు, బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వేసుకునేవాళ్లు, ఎండలో కూలి చేసేవాళ్లు. ముసలివాళ్ల దగ్గరకు పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. రేకు అప్పుడే కాలిపోతుంటుంది. "బాగున్నావా మామ్మా?" అంటే "బాగున్నానమ్మా" అనేస్తారు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఒంటికి వెళ్లారో అడగండి. మూత్రం ముదురు పసుపు రంగంటే నీళ్లు చాలడం లేదన్నమాట.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరునడిగే చెప్పండి.

ఎండకు మాట తడబడినా, తికమకపడినా, మూర్ఛ వచ్చినా వడదెబ్బగానే చూడండి, చెమట పడుతున్నా సరే. వెంటనే 108కి ఫోన్. బండి వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా చన్నీళ్లతో తడిపి గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐస్ పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

ప్రతి కేసూ అదే రోజు రిజిస్టర్లో ఎక్కించండి, వీధి పేరు, చేసే పనితో సహా. ఫలానా వీధిలోనే చలివేంద్రం కావాలని అడగడానికి మనకున్న ఆధారం అదే.