దూరపు కొండలు నునుపు: ప్రకృతి దృశ్యాన్ని బొంతగా కుట్టడం ఎలా?

గోడకు వేలాడదీసే బొంత కుట్టాలనుకోగానే చాలామంది చేసే పని ఒక మంచి నీలం గుడ్డ, ఒక మంచి ఆకుపచ్చ గుడ్డ కొనుక్కురావడం. పని చెడేది అక్కడే. కుట్టు ముగిసేసరికి కొండలుంటాయి, చెరువుంటుంది, ఆకాశముంటుంది, దూరం మాత్రం ఉండదు. కుట్టు చక్కగా కుదిరి, బొమ్మ మాత్రం అట్టముక్కలా చదునుగా ఉన్న బొంతలు చూసీ చూసీ విసుగెత్తి ఇది రాస్తున్నాను.

కావలసినవి పెద్దగా లేవు. ఉతికి ఇస్త్రీ చేసిన నూలు గుడ్డ ముక్కలు, మధ్యలో పెట్టడానికి పలుచని దూది పొర, అడుగుగుడ్డ, పదునైన కత్తెర, గుండుసూదులు, కుట్టుమిషన్. మిషన్‌కు కొత్త 90/14 సైజు సూది వేయండి. మిషన్ లేకపోతే చేత్తో కుట్టండి, ఆలస్యమవుతుంది, అంతే. నూలుతో పాలిస్టర్ కలపవద్దు. నూలు ముడత పోయే వేడికి అది ముడుచుకుపోతుంది. మొదటి బొంత 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు దాటనివ్వకండి.

మీరే తీసిన ఫొటో ఒకటి ఎంచుకోండి. అందులోంచి ఐదారు గీతలు మాత్రమే తీసుకోండి: ఆకాశం అంచు, రెండు మూడు కొండల వరసలు, నీటి గట్టు, ముందున్న గడ్డి. ఆకాశం, నేల కలిసే గీత సరిగ్గా మధ్యలో పడకూడదు. పక్షులు, పడవలు, గుడిసెలు వద్దు. వాటిని చేర్చాలనిపించిందంటే కొండలు సరిగా కుదరలేదన్నమాట. గీసిన బొమ్మను అసలు కొలతకు కాగితం మీదకు ఎక్కించి, ముక్కలకు అంకెలు వేసి కత్తిరించండి.

ఇక అసలు పని, గుడ్డలు ఎంచడం. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత బాగా కుట్టినా లాభం లేదు.

చూడాల్సింది రంగును కాదు, అది ఎంత ముదురు, ఎంత లేత అన్నది. మనకూ కొండకూ మధ్య ఎంత గాలి ఉంటే కొండ అంత లేతగా, అంత నీలంగా కనిపిస్తుంది. గాలి నీలి వెలుగును ఎక్కువగా చెదరగొట్టడమే అందుకు కారణం. వెలుగునీడల తేడా కూడా దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. దూరపు కొండలు నునుపు అన్న సామెతను ఈ పనిలో అక్షరాలా పాటించాలి. వెనక వరసకు పువ్వులూ గీతలూ లేని గుడ్డ, మధ్య వరసకు సన్నని అద్దకం, పెద్ద పెద్ద ఆకుల గుడ్డలన్నీ ముందుకు.

నా తొలి బొంతల్లో ఒకదానికి పదకొండు రకాల ఆకుపచ్చలు పోగుచేశాను. చిలకపచ్చ, నాచురంగు, ముదురాకు, దేనికదే వేరు. కుట్టి గోడకు తగిలించి నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే ఒకే పచ్చని గోడ! రంగులు వేరయినా ముదురు అన్నింటిదీ ఒకటే. రెండు వారాల కుట్టు విప్పాల్సి వచ్చింది.

అందుకే ఇప్పుడు ఇలా చేస్తాను. ముక్కలన్నీ తెల్లని దుప్పటి మీద పరిచి, పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మారుస్తాను. అందులో ఏ రెండు ముక్కలు ఒకే బూడిదరంగుగా కలిసిపోతాయో అవి బొంతలో పక్కపక్కన ఉండకూడదు. దీపం వెలుగులో ఈ పని అసలు చేయవద్దు, పసుపు వెలుగు నీలాలను మార్చేస్తుంది. ఎర్రని గాజుకాగితం లోంచి చూడమని కొందరు చెబుతారు. అది ఆకుపచ్చను ఉన్నదానికంటే ముదురుగా, ఎరుపును లేతగా చూపిస్తుంది. సంధ్యాకాశం కుట్టేవాళ్ళను నిలువునా ముంచే చిట్కా అది.

లేత గుడ్డ దొరకలేదా? ఉన్న గుడ్డనే తిరగేయండి. అద్దకం గుడ్డకు వెనకవైపు పొగమంచు పట్టినట్లు ఉంటుంది. నా బొంతల్లో దూరపు కొండలు సగానికి సగం తిరగేసిన గుడ్డలే. ముందు వరసలో అదే గుడ్డను మంచివైపు పెడితే రెండు కొండలూ ఒకే అడవికి చెందినట్లు కనిపిస్తాయి.

ఆకాశం దగ్గర ఇంకో పొరపాటు. ముదురు నీలం కింద, లేత నీలం పైన పెడుతుంటారు. తేటగా ఉన్న పగటి ఆకాశాన్ని ఒకసారి తలెత్తి చూడండి. పైన చిక్కగా, కొండల దగ్గరికి వచ్చేసరికి పలచబడి ఉంటుంది. నీటికి వేరే నీలం కొనకండి, ఆకాశపు గుడ్డే కాస్త ముదురుది వాడండి. ముక్కలన్నీ గుండుసూదులతో గోడమీది దుప్పటికి గుచ్చి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే కళ్ళు చికిలించి చూడండి. ఏదో ఒకటి తప్పకుండా మార్చాలనిపిస్తుంది.

ఇక అతకడం. ఆకాశంతో మొదలుపెట్టి వెనక నుంచి ముందుకు రండి. ప్రతి ముక్క పై అంచును 6 మిల్లీమీటర్లు లోపలికి మడవాలి, కింది అంచు తర్వాతి ముక్క కిందికి కనీసం 2 సెంటీమీటర్లు వెళ్ళాలి. రెండు శిఖరాల మధ్య పల్లం ఉన్నచోట మడతకు వదిలిన గుడ్డలో చిన్న గాట్లు పెడితే ముడత పడదు. వేడికి అంటుకునే జిగురు పొరతో ఈ మడతల బాధ తప్పుతుందంటారు. తప్పుతుంది, నిజమే. కానీ మడిచిన అంచు కింద పడే సన్నని నీడ జిగురుతో అంటించిన అంచుకు రాదు. కొండకు కొండకు మధ్య ఆ నీడ కావాలి.

పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ మూడూ కలిపి టాకాలు వేయండి. దూది, అడుగుగుడ్డ నాలుగు వైపులా 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. మిషన్ పాదం కింద గుడ్డను లాగే పళ్ళను దించి, చేత్తో గుడ్డను తిప్పుతూ మధ్య నుంచి అంచులకు కుట్టండి. ఆకాశానికి అడ్డంగా, కొండకు వాలు వెంట, గడ్డికి నిలువుగా. దారం గుడ్డ కంటే ఒక్క పిసరు ముదురుగా ఉండాలి, తెల్లదారం పనికిరాదు. కుట్లు ఒకచోట దట్టంగా, మరోచోట పలచగా పడితే పలచగా ఉన్నచోట గుడ్డ ఉబ్బుతుంది.

అంచులు సరిచేసి, వెనక్కి మడిచి కుట్టేయండి. రంగు పట్టీ వేస్తే దృశ్యం ఫొటో చట్రంలో ఇరుక్కున్నట్లుంటుంది. వెనక పైభాగాన కర్ర దూర్చడానికి 10 సెంటీమీటర్ల పట్టీ చేత్తో కుట్టి, ఎండ నేరుగా పడని గోడకు తగిలించండి.