వానల బండి కొనేముందు కింద టార్చ్ వేసి చూడండి

మన నెల్లూరు, ఒంగోలు వైపు గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే కదా, ఆ మూడు నెలలు గుంతల్లో, బురదలో మంచి బండిని పాడుచేయడం ఇష్టంలేక చాలామంది సెకండ్ హ్యాండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయనో, హీరో ఎక్స్‌పల్సో లాంటి అడ్వెంచర్ బైకు చవకగా దొరుకుతుందేమోనని చూస్తుంటారు. మంచి ఆలోచనే. ఎత్తుగా ఉంటాయి, ముందు చక్రం 21 అంగుళాలు, గుంతలకి బెదరవు.

కానీ మీటర్‌లో కిలోమీటర్లు కాదు, తుప్పు చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో తిరిగిన బండి పైకి తళతళలాడుతూనే ఉంటుంది, ఫోన్ టార్చ్ వేసి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) అడుగున, స్టాండ్ బిగించిన చోట, స్పోకుల మొదళ్ళలో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పోయినేడు నేను చూసిన ఒక బండికి కొత్త పెయింట్ మీద గోరు పెట్టి గీకితే తుప్పు పెచ్చులుగా రాలింది, అక్కడే వదిలేసి వచ్చేశాను.

నీళ్ళలో మునిగిందేమో కూడా చూడాలి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి హైవేనే కోసుకుపోయింది, మర్చిపోకండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పించండి, లోపల ఒండ్రు చార కనిపించినా, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉన్నా ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి, మధ్యలో టక్కున పట్టేస్తే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయినట్టే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు.

డబ్బులిచ్చేముందే బండి మీ పేరుకి మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ బండైతే అప్పు తీరిందని చూపే ఫారం 35 తీసుకోండి.

కొన్నాక బీచ్ రోడ్డు ఎక్కినప్పుడల్లా మంచినీళ్ళతో కడిగి, ఆరాక చెయిన్‌కి లూబ్ కొట్టండి.