కొండ మీద వేడి వేడి అటుకులు

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ నేషనల్ పార్కులో ట్రెయిల్ ఎక్కేసరికి ఆకలి, చేతిలోనేమో చల్లబడిన పులిహోర. డాలస్ నుంచి వెళ్లిన ప్రతిసారీ ఇదే గోల.

ఈసారి కప్పు పల్చటి అటుకుల్లో ఉప్పు, వేరుశనగల పోపు ఇంట్లోనే కలిపి స్టీలు డబ్బాలో తీసుకెళ్లాం. అక్కడి రిజర్వ్ స్ట్రీట్‌లో వేడి ఊటనీళ్లు పట్టుకునే కుళాయిలున్నాయి, ఉచితమే. ఊట వేడి దాదాపు 62 డిగ్రీల సెల్సియస్. ఫ్లాస్కును ముందు ఆ నీళ్లతోనే ఒకసారి కడిగి, తర్వాత నిండా పట్టాలి. పైకెక్కాక అటుకుల మీద పావు కప్పు నీళ్లు చల్లి, మూతపెట్టి 3 నిమిషాలు ఆగితే చాలు. కరివేపాకు వాసన గుప్పుమంటుంది.

కప్ నూడుల్స్‌కు, దొడ్డు అటుకులకు మాత్రం ఆ వేడి చాలదు, పలుకుగానే ఉండిపోతాయి.