గోదావరి లంకలో రెల్లు తగలబెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సమస్య: పొద్దున చక్కగా మండిన మంట మధ్యాహ్నానికి పక్కవాళ్ల అరటి తోటలోకి పోయింది.

కారణం: ఎండాకాలంలో మన డెల్టాలో పొద్దుట పడమటి గాలి కొడుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. అటు పోతున్న మంట ఒక్కసారిగా ఇటు మళ్లుతుంది. ఏప్రిల్‌కి రెల్లు మొదలంటా ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఇక ఆపలేం.

పరిష్కారం: సంక్రాంతి వెళ్లిన రెండు మూడు వారాల్లో, మంచు ఆరుతున్న వేళ అంటించండి. అప్పుడు దుబ్బు మొదలు ఇంకా పచ్చిగానే ఉంటుంది, మంట పెద్దగా లేవదు. చుట్టూ పది అడుగులు శుభ్రంగా దున్నండి. గాలి ఎటు పోతుందో ఆ అంచున నిప్పు పెట్టండి, మంట గాలికి ఎదురుగా మెల్లగా పాకుతుంది. నలుగురు మనుషులు, నీళ్ల డ్రమ్ములు లేకుండా అగ్గిపుల్ల గీయొద్దు. చేయి దాటితే 101కి ఫోన్ చెయ్యండి.

సమస్య: తీతువు పిట్టలు కనబడటం లేదు.

ఇది నా కళ్లతో చూశాను. ఒక ఏప్రిల్‌లో లంక కాలిన మర్నాడు బాబాయ్ బూడిదలో వంగి, "ఇది చూడరా" అన్నాడు. నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి తిరిగి, పేర్చినట్టే ఉన్నాయి. ముట్టుకుంటే పెంకు పొడైంది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

కారణం: తీతువు మార్చి నుంచి నేల మీదే గుడ్లు పెడుతుంది. మనం సరిగ్గా అప్పుడే, అదీ ఒక్క మూల వదలకుండా కాలుస్తాం.

పరిష్కారం: ఉత్తర ఆస్ట్రేలియా ఆర్నెమ్ ల్యాండ్ గడ్డిమైదానాల్లో అక్కడి ఆదివాసులు తరతరాలుగా, వానలు ఆగి గడ్డి ఎండటం మొదలైన కొత్తలోనే, ముక్కలు ముక్కలుగా కాల్చేవారు. 2006లో పడమటి ఆర్నెమ్ ల్యాండ్‌లో ఆ పద్ధతినే పెద్ద ఎత్తున మళ్లీ మొదలుపెట్టారు. కాలని ముక్కల్లో పిట్టలు, బల్లులు తలదాచుకుంటాయి. మన లంకలు అంత పెద్దవి కావు కానీ సూత్రం పనికొస్తుంది. ఏడాదికి మూడో వంతు కాల్చండి, మిగతాది వదిలెయ్యండి. మార్చి వచ్చిందంటే నిప్పు మాటే వద్దు.

సమస్య: ఎంత కాల్చినా రెల్లు మళ్లీ వస్తోంది.

రాక మానదు. మంట పైగడ్డినే తింటుంది, నేలలో పాకిన వేర్లు చల్లగా బతికే ఉంటాయి. సాగు చెయ్యాలంటే లోతుగా దున్ని, వేర్లు ఏరి ఎండలో పడెయ్యాలి. ఒక్క ఏడాదితో అయ్యే పని కాదు. ఏటి అంచున ఉన్న రెల్లుని మాత్రం కాల్చొద్దు, దున్నొద్దు. వరదకి లంక కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచేది ఆ వేర్లే.

కోరంగి వైపు మడ అడవుల అంచున మాత్రం ఏ నెలలోనూ నిప్పు పెట్టకండి. మడ చెట్లు మంటకి అలవాటుపడ్డవి కావు.