పగడపు అక్వేరియం పాఠమాల – 6: కొనే ముందు అడుగుభాగం చూడండి

గత పాఠంలో చేపలు లేని చిన్న క్వారంటైన్ ట్యాంక్‌ను సిద్ధం చేసుకున్నాం. దానిలోకి ఏ పగడాన్ని రానివ్వాలో, దేన్ని దుకాణంలోనే వదిలేయాలో తేల్చుకోవడం ఈ పాఠం పని. ట్యాంక్‌లో పెంచి కోసి అమ్మే చిన్న ముక్కకూ, సముద్రపు దిబ్బ నుంచి నేరుగా సేకరించిన కాలనీకీ ఉన్న ముఖ్యమైన తేడా, ఆ కాలనీ అడుగున అంటుకుని వచ్చే రాయి. దాని పగుళ్లలోనూ, చచ్చిన కొమ్మల సందుల్లోనూ పీతలు, పురుగులు, నత్తలు, వాటి గుడ్లు ఉంటాయి. రాతి పగడాలన్నీ, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కనుక, సరిహద్దు దాటి వచ్చిన కాలనీకి పత్రాలు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న కావాలి. పత్రాలు చూపలేని సరుకు ఎంత చవకైనా ముట్టుకోకూడదు.

రెండో ప్రశ్న, అది ఎప్పుడు వచ్చిందని. నిన్న వచ్చిన కాలనీ మీద ప్రయాణపు దెబ్బకూ పురుగు కాటుకూ తేడా పోల్చడం కష్టం. ఒకటి రెండు వారాలు నీళ్లలో కుదురుకున్న తరువాత చూస్తే నిజం తెలుస్తుంది. చూసేటప్పుడు తెల్లని దీపం వేయమని అడగండి. నీలి దీపం కింద పగడం మెరిసిపోతుంది, ఆ మెరుపులో కాటు మచ్చలు కలిసిపోతాయి. కాలనీని బయటికి తీసి తిప్పి చూపమంటే విసుక్కునే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా అనే రాతి పగడం విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది దాన్ని తినే చదును పురుగు. దీనికి శాస్త్రీయ నామం పెట్టి వర్ణించింది 2011లోనే అయినా, పెంపకందారులకు అంతకుముందు నుంచే దీని బెడద తెలుసు. అది తిన్న పగడపు కణజాలంలోని శైవలాలను, అంటే కంటికి కనపడని నాచును, తన ఒంట్లో నిలుపుకొని ఆ కొమ్మ రంగులోనే కలిసిపోతుంది కాబట్టి పురుగు కోసం వెతికితే దొరకదు. కొమ్మల మీద నీడ పడే వైపున గుండ్రంగా పాలిపోయిన మచ్చలు వరుసగా కనిపిస్తాయేమో చూడాలి, ఆపైన బతికిన కణజాలం ముగిసి చచ్చిన అస్థిపంజరం మొదలయ్యే అంచున గోధుమరంగు గుడ్ల గుంపులు ఉన్నాయేమో భూతద్దంతో వెతకాలి. గుడ్లు కనిపిస్తే ఆ కాలనీయే కాదు, అదే నీటిలో ఉన్న మిగతా అక్రోపోరాలను కూడా కొనకండి.

రెడ్ బగ్స్ అనే చిన్న కోపిపాడ్‌లు (రొయ్యలకు బంధువులైన చిట్టి జీవులు) దాదాపు అర మిల్లీమీటరు ఉంటాయి. నున్నని అక్రోపోరా చర్మం మీద పసుపు చుక్కల్లా, మధ్యలో ఎర్రని మచ్చతో కనిపిస్తాయి. వీటి ఆడవి గుడ్లను ఒంటి మీదే మోస్తాయి కాబట్టి, చదును పురుగుతో పోలిస్తే వీటిని వదిలించుకోవడం తేలిక. పళ్లెంలా పరుచుకునే మాంటిపోరా పగడాన్ని తిప్పితే కింద దూది పోగుల్లా తెల్లగా, కొద్ది మిల్లీమీటర్ల న్యూడిబ్రాంక్‌లు కనిపించవచ్చు. ఇవి చిప్ప లేని సముద్రపు నత్తలు. గుంపుగా పెరిగే మెత్తని జొయాంథస్‌లో కొన్ని పాలిప్‌లు (పువ్వులా విచ్చుకునే ఒక్కో జీవి) రోజుల తరబడి విచ్చుకోకపోతే, వాటి మధ్య గళ్ల చిప్పతో ఉండే సన్‌డయల్ నత్తలకోసం వెతకండి. ఐప్టేసియా అనే కుట్టే చిన్న ఎనిమోన్ (పువ్వులాంటి సముద్రజీవి) కనిపిస్తే దాన్ని మాత్రం గీకవద్దు. తెగిన ముక్క నుంచి మళ్లీ కొత్తది పుడుతుంది.

కనిపించిన ప్రతి జీవీ చీడ కాదు. కొమ్మల నడుమ తిరిగే నున్నని ట్రాపీజియా పీతలు పగడానికి కాపలావాళ్లు. సముద్రంలో పగడాలను తినే ముళ్లకిరీటపు నక్షత్రచేపను కూడా గిల్లి తరుముతాయి. రోమాలతో, నల్లని కొనల డెక్కలతో ఉన్న పీతను మాత్రం తీసేయాలి. మేలు చేసే పీతలు డిప్‌లో, అంటే పురుగులను రాల్చడానికి పగడాన్ని ముంచే మందు నీటిలో, చచ్చిపోతాయి కాబట్టి, ముందే వాటిని వేరే పాత్రలోకి మార్చండి.

ఇక డిప్. ట్యాంక్ నీటినే, అదే వేడితో, తెల్లని పాత్రలో తీసుకొని మందును సీసా మీద రాసిన మోతాదులో కలపండి. రాలిన పురుగులు తెల్లని అడుగున సులువుగా కనిపిస్తాయి. పగడాన్ని చెప్పిన నిమిషాలే ఉంచి, పిపెట్‌తో కొమ్మల సందుల్లోకి నీటిని బలంగా చిమ్మండి, కండ ఎక్కువున్న జాతుల మీద మాత్రం సున్నితంగా చేయండి. తరువాత శుభ్రమైన ఉప్పునీటిలో రెండుసార్లు కడిగి, డిప్ నీటిని పారబోయాలి. అయోడిన్ డిప్ గాయాలకు పనికొస్తుంది, చదును పురుగుల మీద దాన్ని నమ్ముకోకూడదు. తోటలో చల్లే పురుగుమందులను వాడేవారు ఉన్నారు. ఆ పనికి ఉద్దేశించని మందును కొత్తవారు ముట్టుకోకపోవడమే క్షేమం.

ఎంత మంచి డిప్ అయినా గుడ్లను చంపదు. ఈ ఒక్క సంగతిని పట్టించుకోనందువల్లే, డిప్ చేసి నేరుగా పెద్ద ట్యాంక్‌లో పెట్టిన పగడాలు కొన్ని వారాలకు మళ్లీ పాలిపోవడం మొదలుపెడతాయి. అందువల్ల అక్రోపోరాను డిప్ తరువాత బతికిన కొమ్మ దగ్గరే, చచ్చిన భాగం ఏమీ మిగలకుండా కోసి, కొత్త ప్లగ్ (పగడపు ముక్కను నిలిపే చిన్న దిమ్మ) మీద అంటించండి. పాత అడుగును, రాతితో సహా, పారేయండి. కోయడానికి వీలు కాని కాలనీ అయితే కణజాలాన్ని తాకకుండా మెత్తని బ్రష్‌తో అస్థిపంజరాన్ని తోమాలి. ఆపైన ఆరు నుంచి ఎనిమిది వారాలు క్వారంటైన్‌లో ఉంచి, వారానికొకసారి డిప్ చేయాలి. చదును పురుగు గుడ్లు నీటి వేడిని బట్టి సాధారణంగా రెండు మూడు వారాల్లో పొదుగుతాయి. పొదిగిన పిల్ల పెద్దదై మళ్లీ గుడ్లు పెట్టే లోపే దొరికిపోవాలి, అంతే. వారం దాటితే ఆ వ్యవధిలో ఒక తరం తప్పించుకునే అవకాశం పెరుగుతుంది, కాబట్టి డిప్ తేదీలను ట్యాంక్ పక్కనే రాసి పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసంగా, ఇప్పటికే మీ దగ్గర ఉన్న ఏదో ఒక పగడాన్ని దీపాలు ఆరిన గంట తరువాత టార్చితో చూడండి. కదిలిన ప్రతి జీవినీ గీసి, అది పీతా, పురుగా, నత్తా అన్నది పక్కన రాయండి. గుర్తుపట్టలేనివాటికి ఫొటో తీయండి. క్వారంటైన్‌లో ఉన్న పగడానికి వెలుతురు ఎలా అలవాటు చేయాలో ఏడో పాఠంలో చూద్దాం.