గూడెం పిల్లలకు కుర్దు పాట వినిపించాలంటే

ముందే చెప్తున్నా, నేను సంగీతం మాస్టర్ని కాను. హన్మకొండలో ఉద్యోగం, ఆదివారం వస్తే తాడ్వాయి వైపు ఒక గుత్తికోయ గూడేనికి పోయి పిల్లలతో ఆటాపాటా, అంతే. 2005 తర్వాత సల్వాజుడుం (మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో లేచిన దళాలు) గొడవల్లో ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్లు వదిలి అడవి దాటి వచ్చిన కుటుంబాలవి. పిల్లలు చాలామంది ఇక్కడే పుట్టారు, అయినా మీ ఊరేదంటే అవ్వ చెప్పిన ఊరి పేరే చెప్తారు. ఇలాంటి పిల్లల దగ్గర కుర్దు పాట, అంటే సొంత దేశం లేక తుర్కియే, సిరియా, ఇరాక్, ఇరాన్‌లలో చెదిరి ఉన్న కుర్దు జనం పాట, భలే పనిచేస్తుంది. మీరూ ప్రయత్నించాలనుకుంటే, నేను చేసిన తప్పులు చేయకండి.

మొదటిది వీడియో. 2014లో సిరియాలోని కొబానీ పట్టణం మీద ఐసిస్ దాడి చేసినప్పుడు కుర్దు కుటుంబాలు మూటలు నెత్తిన పెట్టుకుని తుర్కియే సరిహద్దు దాటాయి కదా, ఆ దృశ్యాలు ఫోన్లో చూపించాను. పిల్లలు ఒక్కసారిగా గమ్మునైపోయారు, ఒక పిల్లగాడు లేచి మేకల దగ్గరికి పోయి ఇక రాలేదు. వాళ్లకు తెలిసిన కష్టాన్ని వాళ్లకే చూపించి నేనేం సాధించినట్టు? అందుకే బొమ్మలు వద్దు. చిన్న బ్లూటూత్ స్పీకరు చాలు, పొద్దు గూకినాక వినిపించండి.

దెంగ్‌బేజ్ పాటతో మొదలుపెట్టండి. దెంగ్ అంటే గొంతు, బేజ్ అంటే చెప్పేది, అంటే గొంతుతో కథ చెప్పేవాళ్లు. మన ఒగ్గు కథకు డోలు, తాళాలు, వంత పాడేవాళ్లు ఉంటారు. ఇక్కడ ఎక్కువగా ఒక్క గొంతే, వాయిద్యం ఉండదు, ఊపిరి బిగబట్టి ఒకే దమ్ములో బోలెడు మాటలు దొర్లించి చివర్లో స్వరాన్ని సాగదీస్తారు. పిల్లలు మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత ఆ దమ్ముతో పాటు వాళ్లనూ ఊపిరి బిగబట్టమనండి, ఎవరు చివరిదాకా ఆగుతారో పందెం. రెండు నిమిషాల ముక్క చాలు, పూర్తి కథ పెడితే పెద్దవాళ్లకే ఓపిక ఉండదు.

అర్థం అడుగుతారు. అంతా చెప్పకండి, ఒక్క సంగతి చెప్పండి: తుర్కియేలో 1983లో ఒక చట్టం తెచ్చి, కుర్దు అనే పేరు ఎత్తకుండానే ఆ భాషలో పాటలూ పుస్తకాలూ లేకుండా చేశారు, 1991లో గానీ దాన్ని ఎత్తేయలేదు. అయినా పాట ఆగలేదు, ఆర్మేనియాలోని యెరెవాన్ రేడియో 1955 నుంచే కుర్దు కార్యక్రమాలు వేసేది, జనం ఇళ్లల్లో చాటుగా పెట్టుకుని వినేవాళ్లు. బడిలో కోయ మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతుంటే దించుకున్న తలలకు ఇది ఎంత తొందరగా ఎక్కుతుందో మీరే చూస్తారు.

తర్వాత మాటల ఆట. ఆజాదీ, దిల్, గుల్ ఇవన్నీ కుర్దులోనూ ఉన్నాయి, ఉర్దూ హిందీ చెవిన పడ్డ పిల్లలు టక్కున పట్టేస్తారు. అసలు మాట మాత్రం 'దాయే', అంటే అమ్మా అని పిలుపు. చాలా పాటల్లో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. వినిపించినప్పుడల్లా వేలు ఎత్తమనండి.

హార్మోనియం తీసుకుపోకండి. నేను మోసుకుపోయి పరువు పోగొట్టుకున్నా. ఈ పాటల్లో చాలావాటికి రిషభం (సరిగమల్లో 'రి') రెండు మెట్ల నడుమ ఎక్కడో పలుకుతుంది, ఏ మెట్టు నొక్కినా తప్పే. డప్పు మాత్రం సరిగ్గా ఒదుగుతుంది, వాళ్ల దఫ్‌కూ మన డప్పుకూ పోలికుంది, కాకపోతే వాళ్లు చేత్తో వాయిస్తారు, మనం చిర్ర, సిటికెన పుల్లలతో. మార్చిలో అయితే ఇంకా బాగుంటుంది: మనకు కాముని దహనం ఉన్న రోజుల్లోనే వాళ్లకు నౌరోజు (కొత్త సంవత్సరం పండుగ) మంట, జొహాక్ అనే దుర్మార్గపు రాజును చంపిన కావా అనే కమ్మరి కథ. మంట ఎలాగూ ఉంటుంది, డప్పు కాచుకోవచ్చు, సమ్మెట దెబ్బను డప్పు మీద పిల్లలే కొడతారు.

ఇక సొంత పాట. "మీ ఊరి గురించి పాడండి" అనొద్దు, పాడరు. వాగు పేరు, చెట్టు పేరు అడగండి, ఒక్కొక్కరు ఒక్క వరుస, చివర్లో దాయే ఉన్న చోట వాళ్ల భాషలో అమ్మను పిలవాలి. "వాగు దాటితే ఇప్ప చెట్టు, చెట్టు కింద మా మేక" అని ఒక పాప మొదలుపెట్టింది, ఆ వాగును తను ఎన్నడూ చూడలేదు. ఆజాదీ అంటే ఏంటిరా అని అడిగితే ఇంకొకడు అన్నాడు: "మా అవ్వ ఇప్పటికీ చెప్పులు తలకాడ పెట్టుకుని పంటది. అట్ల పెట్టుకోకుండా పండుడు." నేను దాన్ని పాటలో పెట్టమని అనలేదు, వాడే పెట్టుకున్నాడు.

రికార్డు చేయాలనిపిస్తే పెద్దలను అడగండి, మొహాలు వద్దు, వాట్సాప్ స్టేటస్ అసలే వద్దు. స్పీకరు ఫుల్‌గా ఛార్జింగ్ చేసుకుని పోండి, అక్కడ కరెంటుకు నమ్మకం లేదు. నాది ఒకసారి నాలుగో పాట నడుమ ఆగిపోయింది, మిగతాది పిల్లలే ఎత్తుకున్నారు, మాటలన్నీ ఇష్టమొచ్చినట్టు, దాయే మాత్రం సరిగ్గా దాని చోట్లోనే.